డేలైట్ సెన్సర్లు పెట్టించాం, కరెంటు వాడకం మాత్రం తగ్గలేదు. తప్పు ఎక్కడ?

రమణ_మెయింటెనెన్స్ · జూన్ 12, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో అయిదంతస్తుల ఆఫీసు బిల్డింగు మెయింటెనెన్స్ నేను చూస్తాను. ఫిబ్రవరి చివర్లో మూడో అంతస్తుకు డేలైట్ సెన్సర్లు పెట్టించాం. బయట వెలుతురు ఉన్నప్పుడు లైట్లు వాటంతటవే తగ్గుతాయని, లైటింగ్ కరెంటులో 40 శాతం ఆదా అవుతుందని పెట్టినవాళ్ళు చెప్పారు. ఒక్క అంతస్తుకే లక్షా ఎనభై వేలయింది. ఇది బాగుంటే మిగతా నాలుగు అంతస్తులకూ పెట్టాలని మేనేజ్‌మెంటు ఆలోచన.

మార్చి, ఏప్రిల్, మే బిల్లులు ముందేసుకుని చూశాను. ఏమీ తగ్గలేదు. మేలో అయితే పెరిగింది కూడా. దీనికి తోడు కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు కొందరు చీకటిగా ఉందంటారు, కొందరు లైటు ఊగుతోందంటారు. ప్రపోజల్ మీద సంతకం పెట్టింది నేనే కాబట్టి టెన్షన్ నాకే.

వివరాలు: అంతస్తు 1,200 చదరపు మీటర్లు. 36 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెళ్ళు 300. అన్నిటికీ డాలీ డ్రైవర్లు (కంప్యూటర్ కమాండ్‌తో లైటు వెలుగు పెంచే, తగ్గించే పరికరాలు) మార్చారు. ఉదయం 9 నుంచి రాత్రి 7 దాకా వెలుగుతాయి. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

పాత_వైర్‌మన్ · జూన్ 12, మధ్యాహ్నం 1:15

రమణ గారూ, మీరు చూసింది బిల్డింగు మొత్తం బిల్లా, ఆ ఫ్లోర్ లైటింగ్ మీటరా? మొత్తం బిల్లయితే అందులో ఏసీ ఉంటుంది, లిఫ్టులుంటాయి, సర్వర్ రూం ఉంటుంది. మే నెల ఎండల్లో ఏసీ తాగే కరెంటు ముందు ఒక ఫ్లోర్ లైట్లు ఎంత? చెరువులోంచి బిందెడు నీళ్ళు తోడి మట్టం తగ్గిందా అని చూసినట్టుంటుంది.

లైటింగ్ డీబీకి (లైట్ల సర్క్యూట్లకు కరెంటు పంచే బోర్డుకు) విడిగా ఎనర్జీ మీటరు ఉందేమో చూడండి. ఉంటే రోజూ ఒకే టైముకు రీడింగు రాయండి, వారం చాలు. ఇంకో రెండు సంగతులు కూడా చెప్పండి. 300 లైట్లలో సెన్సరు మాట వినేవి ఎన్ని? కిటికీలు ఏ దిక్కున?

వరంగల్‌లో ముప్పై ఏళ్ళు కాంట్రాక్టు పని చేశాను. మీటరు చూడకుండా లైట్ల గురించి మాట్లాడొద్దని నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పారు.

రమణ_మెయింటెనెన్స్ · జూన్ 19, ఉదయం 9:30

మీటరు ఉంది మాస్టారూ. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదంతే. అదృష్టం కొద్దీ ఫిబ్రవరిలో సెన్సర్లు పెట్టకముందు ఎలక్ట్రీషియన్ రెండు వారాల రీడింగులు డైరీలో రాసి ఉంచాడు. అప్పుడు రోజుకు సగటున 108 యూనిట్లు. ఈ వారం చూస్తే 104.

సెన్సర్లకు కలిపినవి కిటికీ పక్క రెండు వరసలు, మొత్తం 96 ప్యానెళ్ళు. కిటికీలు ఉత్తరానికీ పడమటికీ. తూర్పున లిఫ్టులు, మెట్లు, బాత్‌రూంలు. దక్షిణాన పక్క బిల్డింగు గోడ.

శాక్రమెంటో_సుధ · జూన్ 19, రాత్రి 8:05

రమణ గారూ, కాలిఫోర్నియాలో కొత్త బిల్డింగుల లైటింగ్ కంట్రోళ్ళు పరీక్షించే పని చేస్తాను. మాది గుంటూరు. ముందు మీ దగ్గర ఆదా ఎంత సాధ్యమో లెక్క వేద్దాం.

300 ప్యానెళ్ళు కలిపి 10.8 కిలోవాట్లు. రోజుకు 10 గంటలంటే 108 యూనిట్లు. మీ డైరీతో సరిగ్గా సరిపోయింది. ఇందులో సెన్సరు తగ్గించగలిగేది 96 ప్యానెళ్ళనే, అంటే దాదాపు 35 యూనిట్లు. అవి బాగా పనిచేసి సగం తగ్గాయనుకోండి, రోజుకు 17 యూనిట్లు. 108లో అది 16 శాతం. 40 శాతం అన్నవాళ్ళు 35 మీద లెక్క కట్టి, మీకు 108 మీద చెప్పి ఉండాలి.

కాబట్టి 40 వైపు చూడకండి. 17 రావలసిన చోట 4 ఎందుకొస్తున్నాయో వెతుకుదాం. నా అనుభవంలో సెన్సరు చెడిపోవడం అరుదు. పెట్టాక సరిచేయకుండా వదిలేయడమే ఎక్కువ.

రాజు_కాకినాడ · జూన్ 20, ఉదయం 7:50

సుధ గారి లెక్క సరైనదే. అయితే ఇంకో అడుగు వెనక్కి వేసి చూడాలని నా మనవి. ట్యూబ్‌లైట్ల రోజుల్లో 40 వాట్ల ట్యూబు, దాని రాగి చోకు కలిపి 50 వాట్లు దాటేది. ఒక్కో ఫిక్స్‌చర్‌లో రెండేసి, మూడేసి ట్యూబులు. అప్పుడు పగటి వెలుతురుతో సగం తగ్గిస్తే నిజంగా పెద్ద మొత్తం మిగిలేది. ఇప్పుడు చదరపు మీటరుకు 9 వాట్లకు వచ్చేశాం. తగ్గించడానికి మిగిలిందే తక్కువ, సెన్సర్ల ఖర్చు మాత్రం అంతే ఉంది.

స్టాండ్‌బై సంగతి కూడా ఎవరూ చెప్పరు. డాలీ డ్రైవరు లైటు ఆరిపోయినా కమాండ్ కోసం మేలుకునే ఉంటుంది. ఒక్కోటి 0.4 వాట్ అనుకుంటే 300కు 120 వాట్లు. రాత్రులు, శని, ఆదివారాలు కలిపితే నెలకు 500 గంటలు లైట్లు ఆరి ఉంటాయి. 60 యూనిట్లు ఉత్తినే పోతాయి. 96 లైట్లకు సెన్సర్లు పెట్టి 300 డ్రైవర్లు మార్చడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

2017 నాటి ఈసీబీసీ (బిల్డింగుల్లో కరెంటు పొదుపుకు కేంద్రం తెచ్చిన కోడ్) కూడా వెలుతురు పడే ఏరియాలో చేత్తో ఆర్పే స్విచ్‌ను ఒప్పుకుంది. కిటికీ వరసకు విడిగా స్విచ్ ఇచ్చి, ఆ డబ్బు ఏసీ మీద పెడితే ఎక్కువ లాభం అని నా అభిప్రాయం.

భారతి_టీచర్ · జూన్ 20, సాయంత్రం 5:20

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఒంగోలు దగ్గర గవర్నమెంటు హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా క్లాసు రూముల్లో కిటికీలు ఎడమవైపు, వరండా కుడివైపు. లైట్ల స్విచ్‌లు మాత్రం ముందు వరస, వెనక వరస అని ఉన్నాయి. కిటికీ పక్క పిల్లలకు లైటు అక్కర్లేదు, వరండా వైపు పిల్లలకు కావాలి. ఒక వైపు ఆర్పుదామంటే కుదరదు. ఆర్పితే బోర్డు చీకటవుతుంది, లేదా వెనకవాళ్ళకు పుస్తకం కనపడదు. సెన్సర్లు మాకు అందని మాట. ఏం చేయొచ్చు?

పాత_వైర్‌మన్ · జూన్ 20, రాత్రి 9:00

అమ్మా, మీరడిగిందే ఈ చర్చకంతటికీ మూలం. వైరింగు కిటికీకి అడ్డంగా వేశారు, సమాంతరంగా వెయ్యాల్సింది. కిటికీ పక్క వరస ఒక స్విచ్, వరండా వరస ఒక స్విచ్, బోర్డు మీద లైటుకు ఇంకోటి. మీ రూములో నాలుగైదు లైట్లుంటాయి కాబట్టి ఎలక్ట్రీషియన్‌కు పూట పని. కొంచెం వైరు, రెండు స్విచ్‌లు చాలు. ఆ తర్వాత కిటికీ వైపు స్విచ్ బాధ్యత ఒక పిల్లకు అప్పజెప్పండి. పిల్లలకన్నా మంచి సెన్సరు నేను చూడలేదు.

పెంకుటిళ్ళలో మన పెద్దలు వంటింటి మీద ఒక అద్దం పెంకు వేసేవారు గుర్తుందా? పొయ్యి దగ్గర పగలంతా దీపం అవసరం ఉండేది కాదు. రేకుల షెడ్డు గదులేమైనా ఉంటే అక్కడ ఒక రేకు తీసి వెలుతురొచ్చే షీటు వేయించండి. వేసేటప్పుడు అది బోర్డుకు ఎదురుగా రాకుండా చూసుకోండి. బోర్డు మెరిస్తే పిల్లలకు అక్షరాలు కనపడవు.

వెలుగునీడ_ఆర్కిటెక్ట్ · జూన్ 21, ఉదయం 11:10

విజయవాడలో ఆర్కిటెక్ట్‌ని. రాజు గారి మాటలో నిజముంది. కానీ సంగతిని లైటు వాట్ల దగ్గరే ఆపితే సరిపోదు. లైటులో ఖర్చయ్యే కరెంటంతా చివరికి గదిలో వేడే. దాన్ని బయటికి తోలడానికి ఏసీ ఇంచుమించు మూడో వంతు కరెంటు అదనంగా తీసుకుంటుంది. లైట్ల దగ్గర 3 యూనిట్లు తగ్గితే ఏసీ దగ్గర ఇంకో యూనిట్ తగ్గినట్టు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎండ కూడా వేడే. బల్ల మీద 400 లక్స్ (పడే వెలుతురుకు కొలత) చాలినచోట 4,000 లక్స్ వస్తే మిగతాదంతా ఏసీకి బరువు. బయట మంచి ఎండలో లక్ష లక్స్ ఉంటుంది. అందులో కొసరంత లోపలికొస్తే మనకు చాలు. 2017లో సవరించిన ఈసీబీసీలో పనికొచ్చే వెలుతురు అంటే 100 నుంచి 2,000 లక్స్ మధ్య అని హద్దు పెట్టింది అందుకే. అద్దం ఎండ వేడిని ఆపాలి, వెలుతురులో కనీసం 27 శాతాన్ని మాత్రం లోపలికి రానివ్వాలి అని కూడా అందులో ఉంది. నల్లద్దాల బిల్డింగు కట్టి లోపల పగలంతా లైట్లు వేసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రమణ గారూ, మీ ఉత్తరం కిటికీల బ్లైండ్స్ ఇప్పుడు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. ఉత్తరానికి ఎండ రాదనుకుంటాం. మన దగ్గర అది ఏడాది పొడుగునా నిజం కాదు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం నీడ లేని రోజు వస్తుంది. ఆ రెండు రోజుల మధ్య సూర్యుడు మధ్యాహ్నం కూడా మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అంటే జూన్ పొద్దుల్లో, సాయంత్రాల్లో మీ ఉత్తరం కిటికీలోంచి నేరుగా ఎండ పడుతుంది. ఎవరో ఒకరు కళ్ళలో పడిందని బ్లైండ్ దించేస్తారు. మళ్ళీ ఎత్తేవాళ్ళుండరు, వారాల తరబడి అలాగే ఉంటుంది. దించిన బ్లైండ్ వెనక సెన్సరు ఎంత మంచిదైనా ఏం చేస్తుంది?

కొత్తగూడ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసే ఉంటారు. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి కలాం గారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం (పర్యావరణానికి మేలైన భవనాలకిచ్చే అమెరికా సర్టిఫికెట్లలో అన్నిటికన్నా పైది) అందుకున్న మొదటి భవనం అది. నేను చదువుకునే రోజుల్లో వెళ్ళాను. నడుమ వాకిలి, చుట్టూ గుండ్రంగా గదులు, జాలీ గోడలు. మన మండువా ఇంట్లో నిలబడ్డట్టే అనిపించింది. అక్కడ వెలుతురును ముందు ప్లాన్‌లోనే తెచ్చారు. ఏ గదీ వెలుతురుకు దూరమయ్యేంత లోతుగా లేదు. కిటికీ పై అంచు నేలనుంచి ఎంత ఎత్తుంటే దానికి ఇంచుమించు రెండింతల దూరమే పక్క వెలుతురు సాగుతుంది. రమణ గారి మూడో వరసకు అందదు. దాన్ని సెన్సరుకు కలపకపోవడం మంచిదే అయింది.

రమణ_మెయింటెనెన్స్ · జూన్ 25, సాయంత్రం 6:30

మీ అందరి మాటలు చదివి శనివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు నిచ్చెన, లక్స్ మీటరు పట్టుకుని వెళ్ళాను. చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

ఉత్తరం వైపు 14 బ్లైండ్స్‌లో 11 కిందికే ఉన్నాయి. రెండింటికి ఎత్తే గొలుసే తెగిపోయింది. పడమటి వైపు అన్నీ దించే ఉన్నాయి.

మొత్తం ఆరు సెన్సర్లు. మొదటిదాని దగ్గరకు నిచ్చెన ఎక్కితే బొత్తాం అంత కన్ను మీద నల్ల ఇన్సులేషన్ టేపు. చక్కగా గుండ్రంగా కత్తిరించి అంటించారు. అంచుల్లో దుమ్ము పట్టి ఉంది కాబట్టి నిన్న మొన్నటిది కాదు. ఇంకో సెన్సరుకూ అంతే. హౌస్‌కీపింగ్ కుర్రాణ్ణి అడిగితే దాచుకోకుండా చెప్పాడు. మబ్బు పట్టినప్పుడల్లా లైటు ఎక్కుతూ దిగుతూ ఉంటే అకౌంట్స్ మేడమ్‌కు తలనొప్పి వస్తోందని, టేపు వేస్తే ఆగిందని. వాణ్ణి ఏమీ అనలేదు. కన్ను మూసేస్తే సెన్సరుకు చీకటే కనపడుతుంది, లైటు ఫుల్‌గా వెలుగుతుంది. మేడమ్ తలనొప్పి నిజం, టేపుతో అది తగ్గిందన్నదీ నిజం. ఆమె మా దగ్గరకే వచ్చి చెప్పి ఉంటే బాగుండేది. అసలు ఎవరికి చెప్పాలో మేము ఎవరికీ చెప్పలేదు.

మూడోది కిటికీకి రెండడుగుల దూరంలో ఉంది. అది బల్లను చూడట్లేదు, ఆకాశాన్ని చూస్తోంది. దాని కింద లైట్లు మరీ తగ్గిపోతున్నాయి. చీకటిగా ఉందన్నవాళ్ళు అక్కడివాళ్ళే. ఆ ఫిర్యాదు మార్చిలో వస్తే సెన్సర్లు పెట్టినవాళ్ళు వచ్చి ఒక పని చేసి వెళ్ళారని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో కనపడింది. ఆరు సెన్సర్లకూ కనీస వెలుగు 80 శాతంగా పెట్టేశారు. ఎంత ఎండ ఉన్నా లైటు 80 శాతం కన్నా దిగదు.

బ్లైండ్స్ ఎత్తి, లైట్లన్నీ ఆర్పి ఉదయం 11 గంటలకు చూస్తే ఉత్తరం వైపు మొదటి వరస బల్ల మీద 900 లక్స్. రెండో వరస 340. మూడోది 120. చీకటి పడ్డాక లైట్లు ఫుల్‌గా వేస్తే అన్ని వరసల్లోనూ దాదాపు 520.

శాక్రమెంటో_సుధ · జూన్ 25, రాత్రి 10:40

రమణ గారూ, ఈ ఒక్క పోస్టు ఇక్కడి మా ట్రెయినింగ్‌లో చూపించదగినది. మీ లెక్క తేలిపోయింది. కనీసం 80 శాతం అంటే 35 యూనిట్లలో గరిష్ఠంగా 7 మాత్రమే తగ్గుతాయి. ఆరింట్లో రెండింటికి కళ్ళు మూశారు. మిగిలింది మీరు చూసిన ఆ 4.

ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. 2005లో హెషాంగ్ మహోన్ గ్రూప్ అనే కన్సల్టింగ్ సంస్థ కాలిఫోర్నియా, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఇలా పక్క కిటికీలున్న 123 చోట్ల వెళ్ళి చూస్తే దాదాపు సగం చోట్ల ఈ కంట్రోళ్ళు పనిచేయట్లేదు. ఇక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు 2011లో పాత పరిశోధనలన్నీ కూడగట్టి చూస్తే డేలైట్ కంట్రోళ్ళ ఆదా సగటున 28 శాతం తేలింది. కంప్యూటర్ మోడళ్ళు నిజం కన్నా ఎక్కువ చూపిస్తాయని కూడా వాళ్ళే తేల్చారు. మోడల్‌లో ఎవరూ బ్లైండ్ దించి మర్చిపోరు, టేపు అంటించరు. ఇక్కడ కొత్త బిల్డింగులో చీకట్లో ఒకసారి, పూర్తి వెలుతురులో ఒకసారి, సగం వెలుతురులో ఒకసారి పరీక్షించి కాగితం ఇవ్వనిదే పని పూర్తయినట్టు కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఆ మూడో సెన్సరును లోపలికి జరిపించండి, మొదటి రెండు వరసల మధ్యకు. దాని కన్నుకు కిటికీ కనపడకూడదు, బల్లలు కనపడాలి. తర్వాత రాత్రి పూట ఒక సెట్టింగు. బయటి వెలుతురు సున్నా, లైటుతో బల్ల మీద 400 లక్స్ తెచ్చి, అప్పుడు సెన్సరు చూపించే అంకె రాసుకోండి. పగలు 10, 11 మధ్య బ్లైండ్స్ ఎత్తి రెండో సెట్టింగు. రాత్రి అంకె ఒక్కటే నమ్ముకుంటే పగలు తప్పు చెప్తుంది, ఎందుకంటే కిటికీ వెలుతురు బల్ల మీద, పైకప్పు మీద పడే తీరు వేరు. సెట్టింగు చేసేటప్పుడు బల్లలు రోజూ ఉన్నట్టే ఉండాలి. తెల్ల కాగితాలు పరిచిన బల్ల ఒక అంకె చూపిస్తుంది, ఖాళీ నల్ల బల్ల ఇంకోటి.

మొదటి వరస, రెండో వరస వేరువేరు గ్రూపులు చేయండి. 900 లక్స్ ఉన్నచోటికీ 340 ఉన్నచోటికీ ఒకే ఆర్డరు ఇస్తే ఎవరో ఒకరు బాధపడతారు. డాలీ కాబట్టి వైరింగు ముట్టుకోనక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో అయిపోతుంది.

కనీస వెలుగు 10 శాతం చాలు. ఊగడం ఆగాలంటే తగ్గడం నెమ్మదిగా ఉండాలి, ఒక నిమిషం పట్టాలి. పెరగడం కొంచెం త్వరగా. ఒక మబ్బు తునక దాటగానే స్పందించకుండా కొన్ని నిమిషాల ఆలస్యం పెట్టండి. లైటు తగ్గిందని అకౌంట్స్ మేడమ్‌కు తెలియకపోతే సెట్టింగు సరిగ్గా ఉన్నట్టు.

చివరగా రాజు గారి ప్రశ్న. 300 డ్రైవర్లు ఎందుకు మార్చారో నాకూ తెలియదు. మార్చేశారు కాబట్టి వాడుకుందాం. మీకు కావలసింది 400 లక్స్, లైట్లు ఇస్తున్నది 520. లోపలి 204 ప్యానెళ్ళకు గరిష్ఠ వెలుగు 80 శాతానికి దించండి. కొత్త ప్యానెళ్ళు ఏళ్ళు గడిచే కొద్దీ మసకబారతాయి, అప్పుడు కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. దీనికి సెన్సరు కూడా అక్కర్లేదు. రోజుకు ఇంకో 14 యూనిట్లు దీనివల్లే తగ్గాలి.

రాజు_కాకినాడ · జూన్ 26, ఉదయం 8:15

ఈ చివరి సంగతి నేను ఆలోచించలేదు సుధ గారూ. వేసిన డ్రైవర్లకు పని దొరికింది. స్టాండ్‌బై గురించి నా మాట మీదే ఉన్నాను. రాత్రి 10 తర్వాత ఆ సర్క్యూటుకు కాంటాక్టరు (కరెంటును దానంతటదే కలిపే, తీసే పెద్ద స్విచ్) పెట్టి కరెంటే తీసేస్తే ఆ 60 యూనిట్లలో చాలా భాగం మిగులుతుంది. ఎమర్జెన్సీ లైట్లు మాత్రం ఆ సర్క్యూటులో ఉండకూడదు రమణ గారూ, అది ముందు చూసుకోండి.

వెలుగునీడ_ఆర్కిటెక్ట్ · జూన్ 26, ఉదయం 9:45

పడమటి వైపు బ్లైండ్స్ గురించి ఒక్క మాట. వాటిని ఎత్తి ఉంచమని ఎవరినీ బలవంతం చేయకండి. మూడు దాటాక ఆ ఎండను ఎవరూ భరించలేరు. పలకల బ్లైండ్స్ అయితే పూర్తిగా మూయకుండా పలకలను పైకప్పు వైపు తిప్పి ఉంచండి. ఎండ కళ్ళలో పడదు, వెలుతురు పైకప్పుకు తగిలి లోపలికి వస్తుంది. రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు అన్ని బ్లైండ్స్ ఎత్తడం హౌస్‌కీపింగ్ పనుల్లో చేర్చండి. కావలసినవాళ్ళు మధ్యాహ్నం మళ్ళీ దించుకుంటారు.

రమణ_మెయింటెనెన్స్ · అక్టోబర్ 9, సాయంత్రం 7:10

ఇంత ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి. వానాకాలం మొత్తం చూసి రాద్దామని ఆగాను.

జూలై రెండో వారంలో సెట్టింగులు మార్చాం. నేను, మా ఎలక్ట్రీషియన్ ఒక రాత్రి, ఒక పగలు కూర్చున్నాం. తెగిన గొలుసులు వేయించాం. టేపు అంటించిన కుర్రాడికే పొద్దున బ్లైండ్స్ ఎత్తే పని ఇచ్చాం, ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. ఉత్తరం స్తంభం మీద ఒక ఫోన్ నంబరు అంటించాం, లైటు గురించి ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా నేరుగా నాకే ఫోన్ చేయమని. మొదటి వారంలో తొమ్మిది ఫోన్లు వచ్చాయి. సెప్టెంబరు మొత్తానికి ఒక్కటి. అకౌంట్స్ మేడమ్‌ను ఆగస్టులో అడిగితే, సెన్సర్లు తీసేశారా అని నన్నే అడిగారు.

మీటరు రీడింగులు: సెన్సర్లు సరిచేశాక 104 నుంచి 93కు వచ్చింది. లోపలి ప్యానెళ్ళు 80 శాతానికి దించాక 79. మబ్బు రోజుల్లో 83, 84 దాకా పోయింది. మొదటి 108తో చూస్తే రోజుకు 29 యూనిట్లు తక్కువ. యూనిట్ 9 రూపాయలు వేసుకుని, శని, ఆదివారాల స్టాండ్‌బై తీసేసి, ఏసీ తగ్గుదల కలిపితే నెలకు ఏడు వేల పైచిలుకు. లక్షా ఎనభై వేలు రెండేళ్ళలో తిరిగొస్తాయి. 40 శాతం ఆదా అయితే పదహారు నెలల్లో రావాలి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మేనేజ్‌మెంటుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

మిగతా అంతస్తులకు కిటికీ వరసలకే సెన్సర్లు, లోపలికి తక్కువ వాట్ల ప్యానెళ్ళు అని తీర్మానించారు. పరీక్ష కాగితం ఇచ్చాకే చివరి బిల్లు చెల్లించాలని ఆర్డరులో రాయించాను. అయిదో అంతస్తు పక్క బిల్డింగు కన్నా ఎత్తు, అక్కడ దక్షిణం కిటికీలు కూడా ఉన్నాయి. వాటి సెట్టింగు ఎప్పుడు చేస్తే మంచిది?

పాత_వైర్‌మన్ · అక్టోబర్ 9, రాత్రి 9:25

చాలా సంతోషం రమణ గారూ. దక్షిణానిది ఇప్పుడు తొందరపడి ముగించకండి. డిసెంబరు చివర్లో మనకు మధ్యాహ్నం సూర్యుడు యాభై డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు, ఎండ రెండో వరస దాకా వస్తుంది. ఇప్పుడొకసారి చేసి, సంక్రాంతికి ముందు వారం మధ్యాహ్నం పన్నెండింటికి లక్స్ మీటరుతో మళ్ళీ వెళ్ళండి. ఆ రోజు బ్లైండ్స్ ఎవరు దించారో, ఎన్ని దించారో కూడా రాసుకోండి. రీడింగులు ఇక్కడ పెడితే చూస్తాను.